ప్యాకెట్టుకు కులం లేదు

2018 నుంచి ఏటా అంగన్‌వాడీల్లో పోషణ మాసం జరుపుతున్నారు. 2025లో ఆ మాసానికి ఎంచుకున్న అంశాల్లో ఊబకాయం ఒకటి. చక్కెర తగ్గించండి, నూనె తగ్గించండి అన్నది పిలుపు. అదే ఏడాది ఫిబ్రవరిలో ప్రధానమంత్రి తన రేడియో ప్రసంగంలో వంటనూనె పది శాతం తగ్గించమని దేశ ప్రజలకు చెప్పారు. సెప్టెంబరులో యునిసెఫ్ ఒక నివేదిక ఇచ్చింది. ప్రపంచం మొత్తం మీద 5 నుంచి 19 ఏళ్ళ పిల్లల్లో బరువు తక్కువున్నవాళ్ళు 9.2 శాతం, ఊబకాయం ఉన్నవాళ్ళు 9.4 శాతం అని తేల్చింది. రెండోది మొదటిదాన్ని దాటడం ఇదే మొదటిసారి. దక్షిణాసియాలో మాత్రం ఇంకా దాటలేదు.

ఇంత పెద్ద మాటలు జంగారెడ్డిగూడెం చుట్టుపక్కల మా పేటల దాకా వచ్చేసరికి ఒక్క వాక్యంగా మిగులుతాయి: "ఏవమ్మా, పిల్లలకి ఆ ప్యాకెట్లు ఎందుక్కొనిస్తావ్?" మేం విమర్శ పెడుతున్నది ఈ వాక్యం మీద. కవితనూ కథనూ ఎలా చదువుతామో పోషకాహార పాఠాన్నీ అలాగే చదవాలని మా అభిప్రాయం. ఎవరు చెబుతున్నారు, ఎవరికి చెబుతున్నారు, ఏది చెప్పకుండా దాటేస్తున్నారు అని అడగాలి. దళిత విమర్శ ఆకలి గురించి చాలా రాసింది. లావు గురించి దాదాపు రాయలేదు. లావు ఉన్నోళ్ళ జబ్బు, మనకెందుకు అనుకున్నాం గాబోలు.

అది ఉన్నోళ్ళ జబ్బేనా? ముందు అంకెలు చూద్దాం. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో అయిదేళ్ళ లోపు పిల్లల్లో అధిక బరువున్నవాళ్ళు 2015-16లో 1.2 శాతం, 2019-21 నాటికి 2.7 శాతం. చిన్న అంకెే, కానీ నాలుగైదేళ్ళలో రెట్టింపు దాటింది. అదే సర్వేలో వయసుకు తగ్గ ఎత్తు ఎదగని పిల్లలు 31.2 శాతం. రక్తహీనత ఉన్న పిల్లలు 63.2 శాతం. తల్లుల వయసు ఆడవాళ్ళలో 36.3 శాతం అధిక బరువు, 58.8 శాతం రక్తహీనత. ఈ రెండు అంకెలూ కలిపితే నూరు దగ్గరకొస్తాయి కాబట్టి వీళ్ళు వేరు వాళ్ళు వేరు అనుకోకూడదు. ఒంట్లో నెత్తురు లేక, ఒళ్ళు మాత్రం వచ్చిన ఆడవాళ్ళు మా పేటల్లో ఇంటికొకరు కనపడతారు.

ఇంకో మాట. బక్కగా కనపడ్డవాడు క్షేమంగా ఉన్నాడని కాదు. 2016-18లో జరిగిన సమగ్ర జాతీయ పోషణ సర్వేలో పిల్లల నెత్తురు తీసి పరీక్షించారు. 5 నుంచి 9 ఏళ్ళ పిల్లల్లో లావున్నవాళ్ళు నాలుగు శాతమే. నెత్తుట్లో ఒక రకం కొవ్వు, ట్రైగ్లిజరైడ్లు, ఎక్కువున్నవాళ్ళు మాత్రం 34 శాతం. షుగరు జబ్బుకు ముందు మెట్టు మీదున్నవాళ్ళు పది శాతం. అంటే తక్కెడకు దొరకని కొవ్వు లోపల ఉంది. ఇద్దరు డాక్టర్లు, పుణెలో పనిచేసే యాజ్ఞిక్, ఇంగ్లండు యుడ్కిన్, 2004లో లాన్సెట్ పత్రికలో తమ ఫోటోనే వేసుకుని ఈ సంగతి చూపించారు. ఎత్తుకు బరువు లెక్కలో ఇద్దరిదీ ఒకటే అంకె, 22.3. ఒంట్లో కొవ్వు కొలిస్తే ఇంగ్లండాయనకు 9.1 శాతం, మనాయనకు 21.2 శాతం. పుణె చుట్టుపక్కల పల్లెల్లో పుట్టిన బిడ్డల మీద యాజ్ఞిక్ బృందం చేసిన పని ఇంకా ముందుకెళ్ళింది. తల్లికి తిండి చాలకపోతే బిడ్డ చిన్నగా పుడతాడు, కండ తక్కువుంటుంది, కొవ్వు మాత్రం అంతగా తగ్గదు. ఆ బిడ్డకు తర్వాత పిండీ చక్కెరా నూనె ఎక్కువ దొరికితే జబ్బు తొందరగా పట్టుకుంటుంది. దీన్ని మేం ఇలా చదువుతున్నాం: తరాల ఆకలి వెళ్ళిపోతూ వెళ్ళిపోతూ కొవ్వు రూపంలో తన గుర్తు వదిలిపెట్టింది. కాబట్టి ఊబకాయం మా సమస్యే. మా మీద పెట్టిన పాఠమే మాది కాదు.

ఆ పాఠంలో తల్లికి తెలియదు, అందుకే పిల్లాడు చెడుతున్నాడన్నది మొదటి ఊహ. తెలియజెప్పితే సరిపోతుందన్నది రెండోది. ఈ రెండు ఊహల్నీ జంగారెడ్డిగూడెం నేల మీద నిలబెట్టి చూద్దాం.

ఇది మెట్ట ప్రాంతం. వర్జీనియా పొగాకు పండే నేల. పొగాకు బోర్డు వేలం కేంద్రాలు ఇక్కడే ఉన్నాయి. మిగతా నేలను పామాయిలు తోటలు కమ్ముకున్నాయి. జొన్నా కందీ పెసరా నువ్వూ పండిన చేలు ఇవాళ వెతికితే గానీ దొరకవు. పొగాకు తింటానికి పనికిరాదు, పామాయిలు గెల కోసిన కూలోడి ఇంటికి రాదు. 1995లో ఇదే జిల్లా పెదవేగిలో పామాయిలు పరిశోధనా కేంద్రం పెట్టారు. 2021లో కేంద్ర ప్రభుత్వం 11,040 కోట్ల రూపాయలతో పామాయిలు సాగును పెంచే మిషన్ ప్రకటించింది. 2025లో నూనె తగ్గించమని చెప్పింది. పెంచమని తోట ఉన్నవాడికి సబ్సిడీ, తగ్గించమని గెలలు మోసే తల్లికి పాఠం! ఈ రెండు మాటలూ ఒకే ప్రభుత్వం ఒకే జిల్లాలో చెబుతోంది. పండిన నూనె ఎక్కడికో పోవాలి కదా. చౌక బిస్కట్లలోకీ, అయిదు రూపాయల మిక్చర్ పొట్లాల్లోకీ, రోడ్డుపక్క బజ్జీల బాండీలోకీ పోతోంది. అమ్మహస్తం అని 2013లో 185 రూపాయలకు తొమ్మిది సరుకులు ఇచ్చినప్పుడు అందులోనూ పామాయిలు ఉంది. పేదోడి వంటింటికి ఆ నూనెను పరిచయం చేసింది ఎవరో ఆ తల్లిని అడగాల్సిన పనిలేదు.

బియ్యం సంగతీ అంతే. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో కొత్త ఆహార మార్గదర్శకాలు వేసింది. మంచి శాస్త్రం, అందులో మాకు పేచీ లేదు. రోజు తిండిలో ధాన్యాల నుంచి వచ్చే శక్తి 45 శాతం దాటకూడదు, మన దేశంలో 50 నుంచి 70 దాకా ఉంది అన్నారు. పప్పులూ గుడ్లూ మాంసం నుంచి 14 శాతం రావాలి, 6 నుంచి 9 మాత్రమే వస్తోంది అన్నారు. పెద్దవాళ్ళకు రోజుకు 400 గ్రాముల కూరగాయలు, 100 గ్రాముల పండ్లు, 300 మిల్లీలీటర్ల పాలు ఉండాలన్నారు. భార్యాభర్తలిద్దరికే రోజుకు 800 గ్రాముల కూరగాయలు! ఇక పిల్లల మాటేవిటి, ముసలోళ్ళ మాటేవిటి? ఆహార భద్రత చట్టం 2013లో మనిషికి నెలకు అయిదు కిలోల ధాన్యం రాసిచ్చింది. పప్పు రాయలేదు, గుడ్డు రాయలేదు. కార్డుకు కిలో కందిపప్పు ఇచ్చిన నెలలో కూడా అయిదుగురున్న ఇంట్లో అది ఎన్ని పూటలు? పళ్ళెం నిండా అన్నమే ఉందంటే రేషను షాపు ఇచ్చిందే పళ్ళెంలోకి వచ్చింది. ఇందులో తల్లి అజ్ఞానం ఎక్కడుంది?

బియ్యం మీద మాకు ద్వేషం లేదు. 1983లో రెండు రూపాయల బియ్యం వచ్చినప్పుడు పేటలో పిల్లలు రోజూ తెల్లన్నం తినడం చూసిన తరం ఇంకా బతికుంది. అంతకు ముందు వరి అన్నం పండక్కి, ఆసామి ఇంట్లో పెళ్ళికి. మిగతా రోజులు జొన్నకూడు, చోడంబలి, నూకల గంజి. తెల్లన్నం వాళ్ళకు కడుపు నింపే వస్తువు మాత్రమే కాదు, మేమూ మనుషులమేనన్న రుజువు. ఆ తరం కంటికి బొద్దుగా ఉన్న మనవడు జబ్బు మనిషిగా కనపడడు. "మా వోడు పుష్టిగా ఉన్నాడు" అని మురిసిపోతారు. ఎముకలు తేలిన బిడ్డల్ని పాతిపెట్టినోళ్ళ మురిపెం అది. ఆ మురిపెం ఎక్కణ్ణించి వచ్చిందో తెలియని మనిషి, బరువు చార్టు చూసి ఆ నాయనమ్మను కసిరితే, ఆమె మళ్ళీ ఆ గడప తొక్కదు. ఇప్పుడేమో సిరిధాన్యాలు తినండి అంటున్నారు. 2023ను చిరుధాన్యాల సంవత్సరం అన్నారు. మా నోటి నుంచి నామోషీ పేరుతో ఊడబెరికిన చోళ్ళు, జొన్నలు ఇవాళ అందమైన సంచుల్లో, బియ్యం కంటే ఎక్కువ ధరకు మాకే అమ్ముతున్నారు.

ఇక్కడే అసలు విషయానికొస్తున్నాం. పాఠం చెప్పేదాని కంటే చెప్పకుండా దాచేది పెద్దది.

మన దేశంలో పోషకాహార శాస్త్రం 1918లో కూనూరులో మెకారిసన్ అనే ఐరిష్ డాక్టరుతో మొదలైంది. ఆయన ఎలుకలకు రకరకాల ప్రాంతాల తిండి పెట్టి, సిక్కుల తిండి మేలైందనీ మద్రాసీల తిండి అధమమనీ తేల్చాడు. రాష్ట్రాల వారీగా పళ్ళేలు చూశాడు. ఒకే ఊళ్ళో ఊరి పళ్ళెం వేరు, పేట పళ్ళెం వేరు అన్న సంగతి ఆ పద్ధతికి అందలేదు. ఆ సంస్థే 1958లో హైదరాబాదు వచ్చింది. 1971లో గోపాలన్, ఆయన సహచరులు వేసిన భారతీయ ఆహారాల పోషక విలువల పట్టికలో మాత్రం గొడ్డుమాంసం ఉంది, బర్రెమాంసం ఉంది. మాంసకృత్తుల్లో అవి మేకమాంసానికి తీసిపోవు, ధరలో మాత్రం చాలా తక్కువ. పట్టికలో ఉన్నది మేం చూసిన అంగన్‌వాడీ గోడ మీది బొమ్మలో లేదు. ఆ బొమ్మలో పాలు, నెయ్యి, పప్పు, యాపిలు, కోడిగుడ్డు, మహా అయితే ఒక చేప. పెద్ద మాంసం లేదు, ఎండబెట్టిన తునకలు లేవు, బోటి లేదు, నత్తలు లేవు, ఎండురొయ్యలు లేవు. పొన్నగంటి కూరా, చేలగట్ల మీద మా అమ్మలు ఏరుకొచ్చే ఆకులూ లేవు. శాస్త్రవేత్త పట్టికకూ గోడ మీది బొమ్మకూ మధ్య ఏం జరిగింది? కులం జరిగింది. గొడ్డుమాంసం తినడానికీ అంటరానితనానికీ ఉన్న సంబంధాన్ని అంబేడ్కర్ 1948లోనే "ది అన్‌టచబుల్స్" పుస్తకంలో చర్చకు పెట్టారు. 1977 నాటి గోవధ నిషేధ చట్టం, తర్వాత వచ్చిన సంతల నిఘా, దారి కాపలాలు కలిసి ఆ మాంసాన్ని భయం భయంగా తినే వస్తువు చేశాయి.

పేట పిల్ల ఆ బొమ్మ చూసి ఏం నేర్చుకుంటుంది? మా ఇంట్లో వండేది తిండి లెక్కలోకి రాదు అని నేర్చుకుంటుంది. ఎండుచేప పట్టుకెళ్తే వాసనంటారు. నత్తలంటే నవ్వుతారు. పెద్ద మాంసం పేరే ఎత్తకూడదు. మాలో హాస్టళ్ళలో చదివినవాళ్ళకు తెలుసు, అమ్మ కట్టిచ్చిన కూర గదిలోకి పోకముందే బస్టాండులోనే తినేసి చేతులు కడుక్కోవడం ఎలా ఉంటుందో. మరి అయిదు రూపాయల ప్యాకెట్టు? ఆసామి గారబ్బాయి చేతిలోనూ అదే, మాదిగోళ్ళ పిల్ల చేతిలోనూ అదే. అదే రంగు, అదే సినిమా హీరో బొమ్మ. మీ ఇంట్లో ఏం వండారు అని ఎవరూ అడగరు. ఒకళ్ళ ప్యాకెట్టులో ఇంకొకళ్ళు చెయ్యి పెడతారు కూడా. ఊరు ఇన్నాళ్ళుగా ఇవ్వని సహపంక్తి భోజనాన్ని కంపెనీ అయిదు రూపాయలకు అమ్ముతోంది. ప్యాకెట్టుకు కులం లేదు. దాని బలం ఉప్పులో, నూనెలో ఎంతుందో ఇందులోనూ అంతుంది. ఈ సంగతి పట్టించుకోకుండా "ప్యాకెట్టు మానెయ్" అంటే, పిల్ల చెవికి "మళ్ళీ నీ కులంలోకి నువ్వు పో" అన్నట్టు వినపడుతుంది.

దీన్ని ఒప్పుకోనివాళ్ళుంటారు. ప్యాకెట్లు అన్ని కులాల పిల్లలూ తింటారు కదా అంటారు. తింటారు. కానీ ఆసామి ఇంట్లో ప్యాకెట్టు తర్వాత పాలున్నాయి, పండుంది, ఆడుకోడానికి దొడ్డి ఉంది. మా ఇంట్లో అది కొన్నిసార్లు పొద్దుటి టిఫినే. పొగాకు నాట్లు, రెలుపుల రోజుల్లో తల్లి తెల్లవారక ముందే ఆటో ఎక్కుతుంది. వండటానికి టైము లేక పిల్లాడి చేతిలో పది రూపాయలు పెట్టిపోతుంది. ఆ పది రూపాయలు అజ్ఞానం కాదు, ప్రేమకూ కూలికీ మధ్య దొరికిన దారి. ఆడించండి అంటారు. పేదలకిచ్చిన ఇళ్ళ స్థలం 2020 పథకంలో పట్నంలో సెంటు, పల్లెలో సెంటున్నర. గోడకు గోడ ఆనుకున్న ఆ కాలనీల్లో పిల్లలు ఎక్కడ పరిగెత్తాలి? బడి గేటుకు యాభై మీటర్ల లోపు ఉప్పు, చక్కెర, కొవ్వు ఎక్కువున్న సరుకు అమ్మకూడదని 2020లో ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ నియమం పెట్టింది. మంచిదే. కానీ బడి పక్క బడ్డీకొట్టు నడిపేది చాలాచోట్ల మా పేట విధవరాలే. తయారుచేసేవాణ్ణి వదిలి ఆమె బుట్ట ఎత్తుకుపోతే దాన్ని అమలు అనం.

పేట తిండంతా అమృతమని చెప్పడం కూడా మా ఉద్దేశం కాదు. ఎండుచేపలో ఉప్పెక్కువ. నూకల గంజి బలం కోసం తాగింది కాదు, గతిలేక తాగింది. ఇవాళ మా ఫంక్షన్లలో బిర్యానీ, కూల్‌డ్రింకూ లేకపోతే మర్యాద తక్కువనుకుంటున్నాం, అదీ మాట్లాడుకోవాలి. 2012 ఏప్రిల్ 15న ఉస్మానియాలో బీఫ్ పండుగ జరిగినప్పుడు తిండి హక్కు వీధికెక్కింది, అది అవసరమైన పని. అయితే జెండాగా ఎత్తుకున్న తిండి మళ్ళీ రోజువారీ వంటింట్లోకి, పిల్లల పళ్ళెంలోకి రాలేదు. వండే ఆడమనిషిని ఎవరూ మైకు దగ్గరకు పిలవలేదు. మరాఠీలో శాహూ పటోళే మరాఠ్వాడా దళితుల వంటల మీద 2015లో పుస్తకమే రాశాడు. మెట్ట పేటల వంటకు అలాంటి పుస్తకం కావాలి.

ప్రభుత్వం పెట్టే తిండినీ ఇదే కంటితో చూడాలి. బాలామృతంలో చక్కెరా నూనె కలుస్తాయి. బడిలో చిక్కీ, తీపి పొంగలి ఇస్తారు. ఒక చేత్తో తీపి పెట్టి ఇంకో చేత్తో తీపి మానమంటే పిల్లలు ఏ చేతిని నమ్మాలి? గుడ్డు మాత్రం మన రాష్ట్రంలో మిగిలింది, వారానికి అయిదు. కొన్ని రాష్ట్రాలు మతం పేరు చెప్పి గుడ్డు తీసేసిన రోజుల్లో ఇది చిన్న విషయం కాదు, దీన్ని కాపాడుకోవాలి. మరి చేప? జంగారెడ్డిగూడెం ఉన్న ఏలూరు జిల్లాకే దక్షిణపు కొసన కొల్లేరుంది. ఆ చెరువుల్లో పేట మగోళ్ళు వల లాగుతారు, ఆడోళ్ళు మేత మోస్తారు. చేప ఐసు పెట్టెల్లో లారీలెక్కి బెంగాలుకూ ఈశాన్యానికీ పోతుంది. జిల్లా బడిపిల్లాడి పళ్ళెంలోకి వారానికొక ముక్క కూడా రాదు.

పథకం పేరు 2020లో జగనన్న గోరుముద్ద. 2024లో డొక్కా సీతమ్మ మధ్యాహ్న బడి భోజనం. రెండూ పెట్టేవాళ్ళ పేర్లే, తినేవాడి హక్కు పేరులోకి రాలేదు. వండిన భోజనం పిల్లల హక్కుగా 2001 నవంబరులో సుప్రీంకోర్టు ఆదేశించింది. వంటమనుషుల్లో దళితులకు ప్రాధాన్యం ఇవ్వమని 2004 ఏప్రిల్‌లో చెప్పింది. థోరట్, జోయెల్ లీ 2005లో ప్రచురించిన అధ్యయనం మన రాష్ట్రంతో సహా అయిదు రాష్ట్రాల్లో 531 గ్రామాల్లో తిరిగి, భోజనం ఎవరి వాడలో పెడుతున్నారు, ఎవరి చేత వండిస్తున్నారు అని అడిగింది. పోషణ సర్వేలు ఇవాళ కూడా అడగాల్సిన ప్రశ్నలవి. దళిత స్త్రీ చేతి వంట ముట్టని బడిలో ఎన్ని రంగుల చార్టులు కట్టినా పిల్లలు నేర్చుకునే పాఠం ఒక్కటే.

వేరే దారి ఉంటుందా? ఉంది. జహీరాబాదు దగ్గర పస్తాపూరులో 1983లో మొదలైన డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల్లో ఎక్కువమంది దళిత స్త్రీలే. బీడు నేలల్ని సాగులోకి తెచ్చి, అక్కడి జొన్నతోనే తమ రేషను తాము నడిపారు. విత్తకుండా చేలల్లో మొలిచే ఆకుకూరల్ని కలుపు అనకుండా తిండి అని లెక్కగట్టి చూపించారు. 2008లో సొంత రేడియో పెట్టుకున్నారు. అక్కడ పోషకాహార విద్య పైనుంచి రాలేదు. నేలా, గింజా, మాటా మూడూ వాళ్ళ చేతుల్లో ఉన్నాయి కాబట్టి విద్య అయ్యింది. మెట్టలో మాకు నేల లేదు, కాబట్టి దాన్ని దింపుకొస్తే సరిపోదు. నేల ప్రశ్న లేకుండా పళ్ళెం ప్రశ్న తేలదని మాత్రం అది చెబుతోంది.

మా డిమాండ్లు పెద్దవేం కావు. అంగన్‌వాడీ గోడ మీద మా తిండి బొమ్మలు గీయండి, పేర్లతో సహా. పిల్లాడి బరువు రాసే పుస్తకంలో తల్లి కూలి గంటలు కూడా రాయండి. రేషనులో పప్పు, బడిలో చేప పెట్టండి. కాలనీకొక ఆటస్థలం వదలండి. ప్యాకెట్టు ముందువైపు తెలుగులో, చదువురాని అమ్మకు కూడా అర్థమయ్యే గుర్తుతో హెచ్చరిక వేయించండి. చక్కెర, నూనె లెక్కల పాఠం ఆ తర్వాత చెప్పండి, వింటాం. మా అమ్మలకు లెక్కలు రాక కాదు. పది రూపాయల్లో నలుగురి కడుపు నింపిన లెక్క వాళ్ళది. ఆ లెక్క దగ్గర కూచుని నేర్చుకున్నవాడికే వాళ్ళకు పోషణ పాఠం చెప్పే అర్హత.